మట్టెవాడ మోడెం

"అప్‌డేట్ అయినంక పేకాట పోయింది," అన్నాడు వచ్చినాయన, లాప్‌టాప్ కౌంటర్ మీద పెడుతూ.

సదానందం తలెత్తలేదు. ఎవరిదో కీబోర్డు బోర్లించి బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు. "ఏ పేకాట? నలుగురు ఆడేదా, ఒక్కలే ఆడుకునేదా?"

"ఒక్కలే ఆడుకునేది."

"అది మళ్ల రాదు. ఇంకోటి ఏస్త. లోపటికి రాండ్రి."

కోడ్ సరిపోయింది. వినడానికి కోడ్‌లా లేదు కదూ? అదే దాని గొప్పతనం. మట్టెవాడ సందులో ఉన్న ఆ కంప్యూటర్ రిపేరు షాపుకు వచ్చే గిరాకీలో సగం ఈ ఏడుపే. సిస్టం అప్‌డేట్ అవుతుంది. దాంతోపాటు మొదటినుంచీ ఊరికే వచ్చిన చిన్న చిన్న ప్రోగ్రాములు, అంటే ఆటలు, బొమ్మలు గీసేవి, పాత పెళ్లి వీడియోలు చూపించేవి చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. జనం లబోదిబోమంటూ సదానందం దగ్గరికి పరుగెత్తుకొస్తారు. ఆయన విసుక్కోడు. పోయిన దానికి దగ్గరి చుట్టంలాంటిది ఒకటి వేసి పంపిస్తాడు.

మట్టెవాడకు ఆయన ఇంతే. డిపార్ట్‌మెంట్‌కు మాత్రం ఏజెంట్ 'నాడె', మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె పేరే. వరంగల్ పోస్టుకు ఇంచార్జి ఆయనే, బంట్రోతూ ఆయనే. వచ్చినాయన కిషన్ రావు, హైదరాబాద్ డెస్క్ కొత్త చీఫ్. పాత చీఫ్ చనిపోయాక, డిపార్ట్‌మెంట్ మొత్తం కొత్త కంప్యూటర్లకు మారాక వచ్చిన మనిషి.

వెనక గదిలో ఫ్యాన్ వేసి, తలుపు పెట్టి, కిషన్ రావు ఒక ఫోటో తీశాడు. సన్నటి మీసం, బంగారు ఫ్రేము కళ్లజోడు.

"ఓంప్రకాశ్. నూలు వ్యాపారినని చెప్పుకుంటడు. అసలు పని రిస్టోర్ రింగ్‌కు ఇండియా హెడ్."

"రిస్టోర్ రింగ్?"

"నీ లైనే. అప్‌డేట్‌ల ఏదన్న పార్ట్ పోయిందనుకో, జనం నెట్‌ల వెతుకుతరు. వీళ్లు అక్కడ కాచుకోని ఉంటరు. పోయింది తెచ్చిస్తం, ఫ్రీ అంటరు. తెచ్చిస్తరు గూడ. కాని దాని కడుపుల ఇంకోటి ఉంటది."

"టార్గెట్?"

"నర్సంపేట రోడ్డు మీది మిల్లు. ఆర్మీకి పారాచూట్ బట్ట నేస్తరు. పోయిన వారం మగ్గాల కంప్యూటర్ అప్‌డేట్ అయింది. డిజైన్ ఫైలు చదివే రీడర్, సిస్టంతోనే వచ్చిన పాత ముక్క, పోయింది. మగ్గాలు ఆగినయి. మేనేజర్ భాస్కర్ కంగారుల నెట్‌ల వెతికిండు. వీళ్లకే దొరికిండు."

పారాచూట్ బట్టలో సన్న పోగుల మధ్య కొంచెం కొంచెం దూరంలో ఒక లావు పోగు వస్తుంది. గాలిలో బట్ట ఎక్కడన్నా చిరిగితే ఆ చినుగు లావు పోగు దగ్గర ఆగిపోతుంది. రింగ్ ఇచ్చే కొత్త రీడర్ డిజైనంతా చదువుతుంది, ఆ ఒక్క పోగును తప్ప. కంటికి తేడా తెలియదు. తెలిసేది విమానం నుంచి దూకిన సిపాయికే. వాడు వచ్చి చెప్పేది లేదు.

"రేపు వాళ్ల ఇంజనీర్ వస్తాంది. యమున అని పేరు. ఫోటో లేదు, మనిషి మాత్రం సినిమా స్టార్ లెక్క ఉంటదట. ఓంప్రకాశ్ వెంట ఉంటడు. నువ్వు లోకల్ హార్డ్‌వేర్ మనిషివి, భాస్కర్ నిన్ను పిలుస్తడు. ఆమె ఆ రీడర్ ప్యాక్ వేసేదాక ఆగాలె, లేకుంటే కేసు నిలువదు. మగ్గం తప్పు బట్ట నేసేలోపల ఆపాలె. ఫిట్టర్ల డ్రెస్సుల మనోళ్లు ఉంటరు."

పోతూ పోతూ ఒక గాడ్జెట్ ఇచ్చాడు. పోగులు లెక్కబెట్టే భూతద్దం. పిడిలో కెమెరా. సదానందం దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. మారువేషం ఏమీ అక్కర్లేదు. ఆయన వేసుకున్న వేషం ఎప్పుడో ఆయన ఒంటికి అతుక్కుపోయింది.

---

మర్నాడు పొద్దున మిల్లు కంట్రోల్ రూంలో అడుగు పెట్టిన సదానందం గుమ్మంలోనే ఆగిపోయాడు.

నీలం సిల్కు చీర, పొట్టి జుట్టు, ఖరీదైన వాచీ. కీబోర్డు ముందు కూర్చున్న ఆ మనిషి తిరిగి చూసింది. కిషన్ రావు చెప్పింది అబద్ధం కాదు, గుడ్లప్పగించి చూసే అందమే. కాని ఆ కుడి కనుబొమ్మ మీది గాటు చిన్నప్పుడు నేతవాళ్లుండే కొత్తవాడలో మగ్గం గుంటలో జారిపడితే అయింది. ఆ రోజు ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని దవాఖానకు ఉరికింది సదానందమే.

నవనీత. మేనమామ సమ్మయ్య కూతురు. ఆయనకు ఖాయం చేసిన పిల్ల.

ఇద్దరినీ డిపార్ట్‌మెంట్ ఒకే ఏడాది తీసుకుంది. ఈయన్ను మట్టెవాడ షాపులో కూర్చోబెట్టింది, ఆమెను సముద్రం దాటించి రింగ్‌లోకి పంపింది. మనవైపు డబుల్ ఏజెంట్. ఏదన్నా ఆపద వస్తే ఒకటే దారి. ఆమె అక్కడినుంచి, షాపులో ఫోను పెట్టకుండా మోడెం మాత్రమే తగిలించిన లాండ్‌లైన్‌కు, తన మోడెంతో డయల్ చేయాలి. ఇక్కడి కంప్యూటర్‌లో సిస్టంతోనే వచ్చిన చిన్న టెర్మినల్ ప్రోగ్రాం ఆ కాల్ ఎత్తుకుని రాసుకుంటుంది. బయటినుంచి ఏదీ కొనలేదు, ఏదీ ఎక్కించలేదు. ఎవడన్నా సోదా చేసినా అనుమానం రాదు. పాత చీఫ్ తెలివి అది.

ఆమె నుంచి ఒక్క కాల్ రాలేదు. కొన్నాళ్లకు డిపార్ట్‌మెంట్ ఆమె మాటే ఎత్తడం మానేసింది. సదానందం పెళ్లి మాట ఎత్తనివ్వలేదు.

"మీరేనా హార్డ్‌వేర్?" అంది ఆమె, అచ్చు టీవీ యాంకర్ తెలుగులో.

"అవును మేడం. కేబుళ్లు చూడమన్నరు."

ఓంప్రకాశ్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. కోటు జేబులో చెయ్యి. బయట ఆర్మీ ఇన్‌స్పెక్టర్ జీపు వచ్చింది. భాస్కర్ తలుపు తీసి "ఓంప్రకాశ్ గారూ, నూలు శాంపిల్ మీరే చూపించాలె, జర రాండ్రి" అని పిలిచాడు. కాదంటే బాగుండదని అతను వెళ్లాడు. తలుపు మూసుకుంది.

నవనీత స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. గొంతు మాత్రం కొత్తవాడకు వచ్చేసింది.

"బతికే ఉన్నవా బావా."

సదానందం వంగి టేబుల్ కింద కేబుల్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు చేసిన్నో ఎరుకేనా నీకు? వాళ్లకు నా మీద డౌట్ వచ్చింది, నన్ను బయిటికి తీయుండ్రి అని. ఆ వానకాలమంత రోజు మాపటికి చేసిన. రింగ్ అయితాంది, ఎవ్వలు ఎత్తుతలేరు."

వానకాలం. సదానందానికి షాపులోని మోడెం కళ్లముందు మెదిలింది.

ఆ ఏడాది వానల్లో హైదరాబాద్ నుంచి ఆర్డర్ వచ్చింది, పోస్టుల్లోని కంప్యూటర్లన్నీ అప్‌డేట్ చేయాలని. చేశాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం షెల్ఫు మీది మోడెం ఎర్రలైటు కాసేపు టపటపా కొట్టుకునేది. మట్టెవాడలో వానపడితే ఫోను తీగలు తడిసి లైన్లన్నీ అట్లాగే పిచ్చిపిచ్చిగా మోగుతాయి. ఊళ్లో అందరూ అనుకున్నట్టే ఆయనా అనుకున్నాడు. స్తంభం దగ్గర జాయింటు తడిసిందని లైన్‌మన్‌ను పిలిచి టేపు కూడా చుట్టించాడు. అప్‌డేట్‌లో టెర్మినల్ ప్రోగ్రామే పోయిందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఎట్లా తడుతుంది? ఆట పోతే కనబడుతుంది, బొమ్మలు గీసేది పోతే కనబడుతుంది. అది ఎవరన్నా పిలిస్తేనే లేచే ప్రోగ్రాం. ఊరందరి మిషన్లలో ఏమేం పోయాయో వెతికిచ్చిన మనిషి తన మిషన్‌లో పోయింది చూసుకోలేదు.

"అప్‌డేట్ చేయమని ఆర్డర్ వచ్చింది నవనీతా," అన్నాడు ఎట్టకేలకు. "కాల్ ఎత్తే ప్రోగ్రాం అండ్ల పోయింది. లైటు కొట్టుకునేది. నేను వానకనుకున్న."

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ప్రోగ్రాం పోయిందా," అంది మెల్లగా. "నేను నువ్వే పోయినవనుకున్న బావా. లేకుంటే పెండ్లి చేసుకోని నన్ను మరిచినవనుకున్న. రెండిట్ల ఏది నయమో ఏండ్లకేండ్లు తేల్చుకోలేకపోయిన."

"చేసుకోలే."

"తెలుస్తాంది. ఆ కాలరు చూస్తెనే తెలుస్తాంది."

ఆయనకు ఏడుపొచ్చింది. ఆమెకు కనిపించకుండా కేబుల్ కట్టను ఊరికే అటూ ఇటూ తిప్పాడు.

"నేను చేసిన కాల్స్ అన్ని ఈ లాప్‌టాప్‌లనే ఉన్నయి," అంది, కీబోర్డు పక్కనున్న తన లాప్‌టాప్ మీద చెయ్యి వేసి. "తేదీలతోని. నేను ఎవరి మనిషినో చెప్పేటందుకు నాకు మిగిలింది ఇదొక్కటే. ఎవరికి చూపెట్టాలెనో తెల్వక మోసుకోని తిరుగుతాన్న."

"ఇప్పుడు నువ్వు ఎవరి మనిషివి నవనీతా?"

ఆమె ఆయన వైపు తిరిగి, "నాయిన ఎట్లున్నడు?" అని అడిగింది.

తలుపు తెరుచుకుంది. ఓంప్రకాశ్ వచ్చాడు. ఆ ప్రశ్న అట్లాగే ఉండిపోయింది.

"ఎంతసేపు?" అన్నాడు ఓంప్రకాశ్.

"అయిపోవచ్చింది," యాంకర్ గొంతు మళ్లీ. ప్యాక్ ఎక్కడం మొదలైంది. స్క్రీన్ మీద పచ్చగీత పాకుతోంది. కిటికీ అద్దం అవతల పొడుగాటి హాలు, బారుగా మగ్గాలు, మొదటి మగ్గం పక్కన ఆర్మీ ఇన్‌స్పెక్టర్, ఫిట్టర్ల డ్రెస్సులో ఇద్దరు.

సదానందం భూతద్దం టేబుల్ అంచున, పిడి స్క్రీన్ వైపు తిప్పి పెట్టాడు. కెమెరా పని కెమెరా చేసుకుపోతోంది. ఇక తేల్చుకోవాల్సింది ఒకటే. పాత రీడర్ ఈ మిషన్‌లో లేదు. ఆమె నిజంగా రింగ్ మనిషే అయితే ఇప్పుడు ఎక్కుతున్నది చావు. మగ్గం ఆపొచ్చు, కాని మళ్లీ నడపడానికి సరైన రీడర్ ఎక్కడా లేదు. ఆపితే ఓంప్రకాశ్ చేతిలో ఏం పేలుతుందో తెలియదు.

పచ్చగీత నిండింది.

"పాతదేమన్నా మిగిలిందా?" ఓంప్రకాశ్ అడిగాడు.

"తీసుకొచ్చిన పాతది టెస్ట్ చేశాను, దింపేశాను సార్." నవనీత వేళ్లు విరుచుకుంది. "మా నాయిన పడుగు దింపినట్టే దింపేసిన."

ఓంప్రకాశ్ నవ్వాడు. పల్లెటూరి మాట ఏదో అందనుకున్నాడు. నూలు వ్యాపారినని చెప్పుకునేవాడు ఒక్క రోజన్నా మగ్గం దగ్గర కూర్చుని ఉంటే నవ్వేవాడు కాదు.

కొత్తవాడలో ఏ పద్మశాలీ పడుగును, అంటే మగ్గం మీది నిలువు దారాలను, మొత్తం కోసేయడు. బట్ట అయిపోయాక దాన్ని కోసి తీసుకుంటాడు గాని, పోగులు దూర్చిన దువ్వెనలాంటి అచ్చులోంచి వెనక్కి జానెడు పాత దారం వదిలేస్తాడు. కొత్త పడుగు వచ్చాక వేళ్లకు బూడిద రాసుకుని, ఆ జానెడుకే ఒక్కొక్క పోగు అతుకుతాడు. అది లేకపోతే అచ్చంతా మొదటినుంచి పోసుకోవాలి, రోజులు పడుతుంది. సమ్మయ్య పక్కన కూర్చుని చిన్నప్పుడు ఇద్దరూ పోగులు అతికారు. మామ పడుగు దింపడమంటే తోక వదలడం. ఇది తెలియని నేతబిడ్డ ఉండదు.

అంటే పాత రీడర్ లోపలే ఉంది. అతకడమే తరువాయి.

"హాల్లో ప్యానెల్ కేబుల్ లూజున్నది సార్, ఒక్కసారి చూసొస్త," అన్నాడు సదానందం. ఓంప్రకాశ్ చెయ్యూపాడు. రిపేరువాణ్ణి ఎవడు పట్టించుకుంటాడు?

హాల్లో ఇన్‌స్పెక్టర్ భాస్కర్‌కు తలాడించాడు. భాస్కర్ బటన్ నొక్కాడు. మగ్గం ఒళ్లు విరుచుకుంటూ కదిలింది. అది వేడెక్కి అసలు నేత మొదలుపెట్టడానికి కాస్త వ్యవధి ఉంటుంది, అంతే. సదానందం మగ్గం పక్కన ప్యానెల్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫోల్డరు తెరిచాడు. కొత్త ఫైళ్ల వరుస. కిందికి, ఇంకా కిందికి. అన్నిటికంటే అడుగున, ఏండ్లనాటి తేదీతో ఒక చిన్న ముక్క. ఎక్కడో పాత సిస్టం నుంచి ఏరుకొచ్చి, చెరపకుండా వదిలేసిన అసలు రీడర్.

మగ్గం ఏ రీడర్‌ను పిలవాలో చెప్పే లైను ఒకటుంది. అందులో కొత్తదాని దారి చెరిపి పాతదాని దారి రాశాడు. ఒక అక్షరం తప్పుపడింది. దిద్దాడు. సేవ్ కొట్టాడు. మగ్గం చప్పుడు మారింది, నేత మొదలైంది.

తెల్లటి బట్ట వేలెడు వచ్చింది. సన్న పోగు, సన్న పోగు, సన్న పోగు. సదానందం పోగులు లెక్కపెట్టాడు. అప్పుడు వచ్చింది లావు పోగు.

దాన్ని ఆయన ఒక్కడే చూడలేదు. ఓంప్రకాశ్ కూడా హాల్లోకి వచ్చాడు, తన సరుకు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి. వెనకే నవనీత, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని. బట్ట మీదికి వంగినవాడు లేచేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్యానెల్ దగ్గర మోకాళ్ల మీదున్న మనిషిని చూశాడు. కోటు జేబులోంచి పిస్టల్ బయటికొచ్చింది.

నవనీత ఆలోచించలేదు. చంకలోని లాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి వాడి మణికట్టు మీద కొట్టింది. పిస్టల్ పేలింది. గుండు లాప్‌టాప్‌లోంచి దూసుకుని పైకప్పు రేకుకు తగిలింది. ఫిట్టర్లు వాడి మీద పడి చేతులు విరిచి కట్టారు.

సదానందం లేచి ఆమె దగ్గరికొచ్చాడు. ఆమె నేల మీది ముక్కలు చూస్తోంది. తెర రెండుగా చీలింది, లోపలి పచ్చటి పలక తునాతునకలై పడుంది.

"పోయింది బావా," అంది. "అన్ని పోయినయి."

ఫిట్టర్ల డ్రెస్సులోని వాళ్లలో ఒకడు ఆమె చేతికి కూడా బేడీ వేశాడు. ఆర్డర్ ఇద్దరినీ పట్టుకోమని కదా.

---

"పారాచూట్లు దక్కినయి. శబాష్," అన్నాడు కిషన్ రావు, మిల్లు గేటు బయట కార్లో.

"ఆమె మన మనిషి సార్."

"ఏ ఆమె?"

సదానందం మొదటినుంచి చెప్పాడు. కిషన్ రావు ఫోన్లో ఏదో వెతికాడు, మళ్లీ వెతికాడు. నిజంగానే వెతికాడు పాపం, చెడ్డవాడేం కాదు.

"పేరు లేదు సదానందం. పాత ఫైళ్లు కొత్త సిస్టంలకు ఎక్కించినప్పుడు కొన్ని రాలే. ఆ సెక్షనే రాలే. పాత చీఫ్ లేడు. కాగితం లేదు, లాప్‌టాప్ లేదు. కెమెరాల ఆమె ప్యాక్ ఎక్కిచ్చుడు సాఫ్‌గ ఉన్నది."

"పాత రీడర్ ఆమెనే వదిలింది సార్. కావాలని."

"తీసెయ్యడం మరిచిపోయిందంటడు లాయర్."

"నేత తెలిసినోడు అట్ల అనడు."

"జడ్జికి నేత తెల్వది." కిషన్ రావు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను డిపార్ట్‌మెంట్ తరఫున ఏం చెప్పలేను. నువ్వు చెప్తే నువ్వెవరో చెప్పాలె. చెప్పినవంటే నిన్ను గూడ మేము ఎరుగం అంటం. షాపు పోతది, ఇన్నేండ్ల సర్వీసు పోతది. ఇంటికి పో. ఫికర్ చెయ్యకు, పై కోర్టులల్ల చూద్దాం."

పై కోర్టుల మాట చెప్పినవాడికీ నమ్మకం లేదు. సదానందం కారు దిగాడు. ఆటో ఎక్కి మట్టెవాడ అనలేదు, పోలీస్ స్టేషన్ అన్నాడు.

స్టేషన్‌లో గోడవార బల్ల మీద కూర్చోబెట్టారు ఆమెను. సిల్కు చీర మీద నూలు దుమ్ము. పక్కన ఆడ కానిస్టేబుల్. సదానందం వచ్చి అదే బల్ల మీద కూర్చున్నాడు. ఎవరూ వద్దనలేదు.

"నాయిన ఉన్నడా బావా?" అంది. పొద్దున్నుంచి ఆ ఒక్క మాట కోసమే కూర్చున్నట్టు ఉంది.

చెప్పక తప్పదు. "లేడు. నాలుగేండ్లయితాంది. పక్షవాతం."

ఆమె చీర మీది నూలు దుమ్ము వేలితో దులిపింది.

"నన్ను అడిగిండా?"

"రోజు అడిగేటోడు. పెద్ద కంపెనీల ఉన్నది, తీరిక లేదని చెప్పేటోణ్ణి. నమ్మినట్టే ఉండేటోడు. నేనే కొరివి పెట్టిన."

నవనీత తల గోడకానించి ఏడ్చింది. అన్నేళ్లు పరాయి ఊళ్లో పరాయి పేరుతో బతుకుతూ దాచిపెట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. సదానందం ఆమె బేడీ వేసిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయనకు ఓదార్పు మాటలు రావు. తన వల్లే ఇంత జరిగిందని లోపల ఒకటే మంట. అది ఇక ఎప్పటికీ చల్లారదని కూడా తెలుసు.

ఎస్సై హరీష్ కంప్యూటర్ ముందునుంచి పిలిచాడు. "ఏంది పెద్దాయనా, నీదేం పని?"

"వాంగ్మూలం ఇస్త సార్. ఈమె దేశం పంపిస్తే పోయిన మనిషి. పిలిస్తే మేము ఎత్తలేదు. ఇయ్యాల పారాచూట్లను కాపాడింది ఈమెనే."

హరీష్ ఆమెను చూశాడు, ఆయన్ను చూశాడు. కుర్రాడే, కాని మొహాలు చదవడం వచ్చినవాడు. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది కోర్టుల నిలువకపోవచ్చు."

"తెలుసు సార్. రాసుకోండ్రి."

"నీకు గూడ తిప్పలయితది."

"అయితది."

"పేరు?"

చెప్పాడు. తండ్రి పేరు, ఊరు చెప్పాడు.

"వృత్తి?"

ఇన్నేండ్లలో ఆ ప్రశ్నకు కంప్యూటర్ రిపేరు అని తప్ప సదానందం ఇంకోమాట చెప్పి ఎరగడు. నవనీత కళ్లు తుడుచుకుని ఆయన వంక చూసింది.

"గూఢచారిని."

ఎస్సై నవ్వలేదు. మౌస్ చక్రం తిప్పుతూ తెర మీది వృత్తుల పట్టీలో కిందిదాకా వెళ్లాడు. దర్జీ ఉంది, డ్రైవరు ఉంది, పురోహితుడు ఉంది. గూఢచారి లేదు. చివరికి 'ఇతరులు' నొక్కాడు.

"మరి ఆమెది?"

"ఆమెది గూడ అదే," అన్నాడు సదానందం.

హరీష్ రెండోసారి 'ఇతరులు' నొక్కాడు. ఈసారి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.